నేను చేసిన ఫారాన్ని చెవులతో విన్నాక

ఆఫీసులో సెలవు పెట్టుకునే ఆన్‌లైన్ ఫారం నేనే తయారు చేశాను. పేరు, ఉద్యోగి నంబరు, ఏ రకం సెలవు, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా, కారణం. ఆరు పెట్టెలు, కింద పంపడానికి ఒక గుర్తు. రెండేళ్లుగా అందరూ వాడుతున్నారు. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు కాబట్టి బాగానే ఉందనుకున్నాను.

అకౌంట్స్‌లో కొత్తగా ఒక మేడం చేరారు. ఆవిడకి పుట్టుకతో చూపు లేదు. చాలా ఏళ్లుగా స్క్రీన్ రీడర్‌తోనే ఉద్యోగం చేస్తున్నారు. స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. చేరిన మూడో వారంలో నాకు ఫోన్ చేసి, "సెలవు ఫారం మీరు చేసిందేనట కదా బాబూ, ఒక పది నిమిషాలు వచ్చి పక్కన కూర్చుంటారా?" అని అడిగారు.

ఎలా నింపాలో చెప్పమంటున్నారేమో అనుకుంటూ వెళ్లాను. ఆవిడ ఇయర్‌ఫోన్స్ తీసేసి స్పీకర్ పెట్టారు. మాట ఎంత వేగంగా వస్తోందంటే నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. ఆవిడ రోజంతా వినే వేగమే అది. నా కోసం బాగా తగ్గించి, "మీరు తెర వైపు చూడకండి, ఊరికే వినండి" అన్నారు.

ట్యాబ్ నొక్కారు. "ఎడిట్, బ్లాంక్." అంటే రాసే పెట్టె, ఖాళీగా ఉంది అని. మళ్లీ నొక్కారు. "ఎడిట్, బ్లాంక్." మళ్లీ నొక్కితే, "ఎడిట్, రీడ్ ఓన్లీ, బ్లాంక్." మూడోసారికి ఎప్పటి నుంచి అన్న పెట్టె దగ్గరికి వచ్చేశాం. మధ్యలో సెలవు రకం ఎంచుకునే పెట్టె దగ్గర అసలు ఆగనే లేదు.

"ఏది పేరో, ఏది నంబరో ఎలా తెలుస్తుంది మేడం?" అని నేనే అడిగాను.

"అదే మిమ్మల్ని అడుగుదామని పిలిచాను" అన్నారు. తర్వాత పేజీ పైకి వెళ్లి బాణం మీటతో ఒక్కో వరసా కిందకి వినిపించారు. నేను పేర్లన్నీ ఎడమ వైపు ఒక నిలువు వరసలో, పెట్టెలన్నీ కుడి వైపు ఇంకో వరసలో కట్టాను. కంటికి పక్కపక్కనే ఉంటాయి. కోడ్‌లో మాత్రం ముందు ఆరు పేర్లు, ఆ తర్వాత ఆరు పెట్టెలు. స్క్రీన్ రీడర్ కోడ్ వరసలోనే చదువుతుంది. ఆవిడ ఒక్కో పేరు వినపడినప్పుడల్లా ఎడమ చేతి వేళ్లు ఒక్కొక్కటే మడుస్తూ వచ్చారు. అయిదు వేళ్లూ అయిపోయాక కుడి చేతి బొటనవేలు. తర్వాత పెట్టెలు మొదలయ్యాక అవే వేళ్లు ఒక్కొక్కటే విప్పుతూ, "ఇది రెండోది. అంటే ఉద్యోగి నంబరు. అవునా?" అన్నారు.

అవునన్నాను. ఇంకేం మాట్లాడాలో తోచలేదు.

అడుగున పంపే గుర్తు దగ్గరికి వచ్చేసరికి "ఐసీ టిక్ ఫైనల్ 2, గ్రాఫిక్, లింక్" అని వినపడింది. అది నేను పెట్టిన బొమ్మ ఫైలు పేరు. దాని పక్కనే "ఐసీ ఎక్స్ ఫైనల్" అని ఇంకొకటి. ఏది పంపేదో, ఏది మొత్తం చెరిపేసేదో ఫైలు పేరును బట్టి ఊహించుకోవాలి. ఆవిడ మొదటిదాని మీద ఎంటర్ కొట్టారు. నిశ్శబ్దం. తెర మీద మూడు పెట్టెల చుట్టూ ఎర్ర గీతలు వచ్చాయి, నాకు కనిపిస్తున్నాయి. స్పీకర్‌లో ఏమీ లేదు.

"వెళ్లిందా?" అని అడిగారు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. అంతకు ముందు వారం ఆవిడ ఇలాగే ఫారం నింపి, ఎంటర్ కొట్టి, వెళ్లిందనుకుని ఒక రోజు రాలేదు. రికార్డులో చెప్పకుండా మానేసినట్టు పడింది. దాని గురించి ఆవిడ పైవాళ్లకి సంజాయిషీ రాసి ఇవ్వాల్సి వచ్చింది. తప్పు చేసింది నా ఫారం, సంజాయిషీ ఇచ్చింది ఆవిడ. ఈ మాట ఇప్పుడు రాస్తున్నా మనసుకి కష్టంగానే ఉంది.

ఆ రాత్రే నా ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వేసుకున్నాను. విండోస్ మీద నడిచే ఉచిత స్క్రీన్ రీడర్ ఇది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు. ఆయనకీ చూపు లేదు. డబ్బు పెట్టి స్క్రీన్ రీడర్ కొనలేని ఎంతోమందికి దీనివల్ల కంప్యూటర్ చేతికందింది. నాలాంటి వాళ్లకి దీనితో ఇంకో ఉపయోగం ఉంది. స్పీచ్ వ్యూయర్ అనే కిటికీ తెరిస్తే అది పలికిన ప్రతి మాటా అక్షరాల్లో కూడా కనిపిస్తుంది. చెవికి అలవాటయ్యేదాకా అదే నాకు ఆధారం.

మొదటి గంట టెన్షన్‌తోనే గడిచింది. ఏం నొక్కినా మాట్లాడుతుంది, ఆపడం తెలియదు. కంట్రోల్ నొక్కితే ఆగుతుందని చాలాసేపటికి తెలిసింది. తర్వాత హెచ్ నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకి, కె నొక్కితే లింకు నుంచి లింకుకి, బి నొక్కితే బటన్ నుంచి బటన్‌కి దూకొచ్చని నేర్చుకున్నాను. మనం కంటితో పేజీని పైనుంచి కిందకి ఒకసారి తడిమి చూసినట్టే, చూపు లేనివాళ్లు శీర్షికల మీద దూకుతూ పేజీలో ఏముందో పట్టుకుంటారు. నా పేజీలో హెచ్ నొక్కితే శీర్షికలు లేవంది. ఉన్నాయి కదా అని కోడ్ చూస్తే, అక్షరాలు పెద్దవి చేసి బొద్దుగా పెట్టానే గాని వాటిని శీర్షికలని ఎక్కడా చెప్పలేదు.

మర్నాటి నుంచి మరమ్మతు మొదలైంది. మిగతా పనుల మధ్య ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల్లో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. నా ఫారంలో ఉన్న ఇబ్బందుల్లో ఎక్కువ భాగం నేను చేయని పనుల వల్ల రాలేదు, పనిగట్టుకుని చేసిన వాటి వల్లే వచ్చాయి.

సెలవు రకం పెట్టె సంగతే తీసుకోండి. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో, జాబితాలోంచి ఒకటి ఎంచుకోవడానికి సెలెక్ట్ అని సిద్ధంగా ఒకటుంటుంది. దాన్ని వాడితే ట్యాబ్ దగ్గర ఆగుతుంది, బాణాలతో కదులుతుంది, మొదటి అక్షరం కొడితే ఆ పేరుకి దూకుతుంది, ఎన్నింటిలో ఎన్నోదో స్క్రీన్ రీడర్ చెబుతుంది. ఇదంతా బ్రౌజర్ ఊరికే ఇస్తుంది. నేనేమో దాని గుండ్రటి మూలలు నచ్చక, మామూలు డబ్బాలు పేర్చి, మౌస్ నొక్కితే తెరుచుకునేలా సొంతంగా ఒకటి కట్టాను. చూడ్డానికి అందంగా వచ్చింది, లోపల ఏమీ లేదు. నూట యాభై వరసల ఆ కోడ్ తీసేసి ఎనిమిది వరసల సెలెక్ట్ పెట్టాను. అంతే, పనిచేసింది.

ట్యాబ్ నొక్కినప్పుడు మనం ఎక్కడున్నామో చూపించే గీత ఒకటి బ్రౌజర్ దానంతటదే గీస్తుంది. అది డిజైన్‌కి అడ్డంగా ఉందని ఒక్క వరసతో తీసేశాను. కీబోర్డుతోనే పనిచేసే, చూపున్న మనిషికి ఆ గీత లేకపోతే తానెక్కడున్నాడో తెలియదు. చీకటి గదిలో నడిచినట్టే. ఆ వరస చెరిపేశాను, గీత మళ్లీ వచ్చింది.

పెట్టెల పేర్లకి లేబుల్ అనే ట్యాగ్ ఉంది. పేరును దానిలో పెట్టి, ఇది ఫలానా పెట్టెది అని ముడివేస్తే చాలు. ఆరు ముళ్లు వేశాను. పేర్లనీ పెట్టెలనీ రెండు వరసలుగా కాకుండా జంటలుగా రాశాను. కంటికి కనిపించే రూపం ఏమీ మారలేదు. మేడం దగ్గరికి తీసుకెళ్తే ట్యాబ్ నొక్కి, "ఉద్యోగి నంబరు, ఎడిట్, బ్లాంక్" అని విని, "హమ్మయ్య, వేళ్లకి పని తప్పింది" అన్నారు.

తేదీల దగ్గర మాత్రం చాలా రోజులు పట్టింది. నేను పెట్టింది మౌస్‌తో మాత్రమే తెరుచుకునే క్యాలెండర్. చేత్తో టైపు చేస్తే జనాలు ఇష్టం వచ్చినట్టు రాస్తారని పెట్టెకి తాళం వేశాను, రీడ్ ఓన్లీ అని వినపడింది అందుకే. మొదట ఆ క్యాలెండర్‌నే కీబోర్డుతో నడిచేలా చేద్దామని నాలుగు రోజులు కుస్తీ పట్టాను. బాణాలతో రోజులు కదలాలి, నెల మారితే చెప్పాలి, ఎస్కేప్ కొడితే మూసుకుని మళ్లీ పెట్టె దగ్గరికే రావాలి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడేది. చివరికి మేడమే, "నాకు తేదీ తెలుసు కదా బాబూ, టైపు చేయనివ్వండి" అన్నారు. తాళం తీశాను. రోజు, నెల, సంవత్సరం ఏ వరసలో రాయాలో పెట్టె పేరులోనే చెప్పాను. క్యాలెండర్ కావలసిన వాళ్లకి పక్కన బటన్ ఉంచాను. తర్వాత గమనిస్తే చూపున్న వాళ్లు కూడా చాలామంది టైపే చేస్తున్నారు.

ఎర్ర గీతల సంగతి. రంగు ఒక్కటే ఆధారంగా ఏ సమాచారమూ ఇవ్వకూడదని వెబ్ సౌలభ్య ప్రమాణాల్లో మొదటి నుంచీ ఉంది. వెబ్‌కి ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ డబ్ల్యూసీఏజీ పేరుతో 1999లో మొదటి ప్రమాణం ఇచ్చింది, 2008లో 2.0, 2018లో 2.1, 2023లో 2.2 వచ్చాయి. నేను ఇంజినీరింగ్ చదివిన రోజుల్లో ఇందులో ఒక్క ముక్క కూడా నాకెవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక నేనూ వెతుక్కోలేదు. ఇప్పుడు తప్పు ఉన్న ప్రతి పెట్టె కిందా మాటల్లో రాస్తున్నాను, "ఎప్పటి దాకా అన్న తేదీ నింపలేదు" అని. పంపే బటన్ నొక్కగానే మొదటి తప్పు ఉన్న పెట్టె దగ్గరికి కర్సర్ వెళ్తుంది, స్క్రీన్ రీడర్ ఆ మాట చదువుతుంది. అన్నీ సరిగా ఉంటే "సెలవు దరఖాస్తు అందింది" అని వినపడుతుంది. ఆ ఒక్క వాక్యం మొదటి నుంచీ ఉండి ఉంటే ఆవిడ సంజాయిషీ రాయాల్సిన పని ఉండేది కాదు.

మధ్యలో ఒక తప్పు చేశాను. ఏరియా (ARIA) అని ఒక పద్ధతి ఉంది. సొంతంగా కట్టుకున్న భాగాల గురించి స్క్రీన్ రీడర్‌కి చెప్పడానికి కోడ్‌లో రాసే గుర్తులవి. అవి దొరికిన ఉత్సాహంలో కనిపించిన ప్రతిదానికీ తగిలించాను. పేరున్నదానికి ఇంకో పేరు, బటన్‌కి మళ్లీ బటన్ అని, ప్రతి చిన్న మార్పుకీ హెచ్చరిక. మేడం వింటే పేరు పెట్టెలో ఒక్కో అక్షరం కొట్టినప్పుడల్లా మధ్యలో ఏదో ఒకటి మాట్లాడుతోంది. "ముందు మూగది, ఇప్పుడు నోరు మూయట్లేదు" అన్నారు. తప్పుగా వాడిన ఏరియా కంటే అసలు వాడకపోవడమే నయమని డబ్ల్యూ3సీ వాళ్ల మార్గదర్శిలోనే ఉంది. అది నేను తర్వాత చదివాను. తగిలించిన వాటిలో ముప్పావు వంతు తీసేశాను.

లాగిన్ దగ్గర, వచ్చింది మనిషో యంత్రమో తేల్చడానికి చదివి కొట్టమనే వంకరటింకర అక్షరాల క్యాప్చా ఉండేది. ఆవిడ ప్రతి ఉదయం పక్క సీటు వాళ్లని పిలిచి చదివించుకునేవారు. పాస్‌వర్డ్ కొట్టే వేళకి పక్కన ఇంకో మనిషి నిలబడి ఉండాలన్నమాట. శబ్దంతో వినిపించే క్యాప్చా పెడదామా అని ఆలోచించాను. చూపూ వినికిడీ రెండూ లేకుండా బ్రెయిలీ డిస్‌ప్లే మీద వేళ్లతో చదువుకునే వాళ్లకి అదీ పనికిరాదు. అసలు ఆఫీసు లోపలి వాళ్లే వాడే పేజీకి అది ఎందుకని భద్రత చూసే వాళ్లని అడిగితే, ఎవరి దగ్గరా సరైన కారణం లేదు. తీసేశాం. పాస్‌వర్డ్ పెట్టెలో పేస్ట్ చేయకుండా ఆపే కోడ్ కూడా తీసేశాం. టైపు చేయడం కష్టమైన వాళ్లకి, గుర్తుపెట్టుకోవడం కష్టమైన వాళ్లకి పాస్‌వర్డ్ మేనేజరే దిక్కు, దాని దారి మనమే మూసేస్తే ఎలా?

తెలుగు చదువరులకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. మా పేజీలో సూచనలన్నీ తెలుగులో ఉన్నాయి. కానీ కోడ్ మొదటి వరసలో భాష ఇంగ్లీషు అని రాసి ఉంది. కొత్త ప్రాజెక్టు తెరిచినప్పుడు దానంతటదే వచ్చే మాట అది, ఎవరూ మార్చలేదు. దాంతో స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతోనే తెలుగు చదవబోయి తడబడేది. భాష తెలుగు అని రెండు అక్షరాలు మార్చాను, తెలుగు గొంతుకి మారిపోయింది. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఇ-స్పీక్ అనే గొంతు మరమనిషి పలికినట్టే ఉంటుంది, కానీ మాట స్పష్టం. దీనికంటే పెద్ద చిక్కు పాత సర్క్యులర్లతో వచ్చింది. అవి యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్‌లో సొంత గుర్తింపు ఇచ్చే పద్ధతి, రాకముందు ఫాంట్లలో టైపు చేసినవి. కంటికి చక్కటి తెలుగు, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్ లోపలున్నదే చదువుతుంది, కాబట్టి అర్థం లేని శబ్దాలు వస్తాయి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లైతే వట్టి ఫొటోలు, చదవడానికి ఏమీ ఉండదు. వాటిని ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మార్చే పని ఇంకా నడుస్తోంది. కొత్తవి మాత్రం ఎవరూ ఆ ఫాంట్లలో చేయకుండా చూస్తున్నాం.

మూడో వారంలో మా మేనేజర్, "ఒక్కరి కోసం ఇంత పనా?" అని అడిగారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, పనుల జాబితా చూసి అన్నారు. ప్రపంచంలో 130 కోట్ల మందికి, అంటే జనాభాలో 16 శాతానికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అది చెప్పాను. కానీ నిజానికి నా జవాబు ఆ అంకె కాదు. జీతం ఇచ్చి పనిలో పెట్టుకున్న మనిషికి సెలవు పెట్టుకునే దారి లేకపోతే, ఆ ఒక్కరి కోసమే అయినా సరిచేయాలి. ఆ మాటా ఆయనతో అన్నాను. కాసేపు ఊరుకుని, "సరే, కానివ్వండి" అన్నారు.

ఆ తర్వాత తెలిసింది ఒక్కరు కాదని. స్టోర్స్‌లో పనిచేసే ఒక అన్నకి చేతులు వణుకుతాయి. పంపే గుర్తు, చెరిపేసే గుర్తు రెండూ 16 పిక్సెళ్ల బొమ్మలు, పక్కపక్కనే. నింపిందంతా రెండుసార్లు చెరిగిపోయాక ఆయన ఫారం మానేసి కాగితం మీద రాసిచ్చేవాడట. నాకు ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవరికీ చెప్పలేదు. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లన్నా ఉండాలని 2.2 ప్రమాణం అంటుంది. నేను 44 పెట్టాను. రెండింటినీ దూరం జరిపాను, బొమ్మల బదులు అసలైన బటన్‌లు పెట్టి వాటి మీద మాటలు రాశాను, చెరిపే ముందు ఒకసారి అడిగేలా చేశాను. విండోస్‌లో ఫిల్టర్ కీస్ పెడితే వణుకు వల్ల కీబోర్డు మీద పడే అదనపు నొక్కుళ్లని కంప్యూటర్ పట్టించుకోదు. అది కూడా ఆయన మెషీన్‌లో పెట్టి చూపించాను. "ఇది ముందే ఉందా తమ్ముడూ?" అని అడిగారు. ఎన్నో ఏళ్లుగా ఉంది. ఈ సంగతి ఆయనకి చెప్పినవాళ్లు లేరు.

అక్షరాల రంగు కూడా అలాగే. సూచనలు లేత బూడిద రంగులో పెట్టాను, కోడ్‌లో దాని అంకె 999999. తెల్లటి నేపథ్యం మీద దాని కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ నేపథ్యానికీ వెలుగులో తేడా చెప్పే నిష్పత్తి, 2.85 మాత్రమే. మామూలు సైజు అక్షరాలకి 4.5 ఉండాలి. 767676 దాకా ముదురు చేస్తే 4.54 వస్తుంది. నేను ఇంకా ముదురు చేశాను. ఇది మారిన రోజు ఏమీ చెప్పకుండానే ఇద్దరు పెద్దవాళ్లు వచ్చి, "అక్షరాలు పెద్దవి చేశారా?" అని అడిగారు. సైజు ముట్టుకోలేదు.

వెబ్ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల ముఖపుటలని యంత్రంతో పరీక్షిస్తుంది. 2024లో 95.9 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. ఎక్కువగా కనిపించేవి ఏటా అవే ఆరు: వెలసిన అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, పేరు లేని ఫారం పెట్టెలు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్‌లు, భాష చెప్పని పేజీలు. ఆ జాబితా చదువుతున్నప్పుడు నా ఫారాన్ని చూసి రాసినట్టే అనిపించింది. వీటిలో ఏదీ కష్టమైన పని కాదు. కానీ యంత్రం పట్టుకునేది కొంతే. బొమ్మకి వివరణ ఉందో లేదో చెబుతుంది, ఆ వివరణకి అర్థం ఉందో లేదో చెప్పలేదు. ఒకసారి తప్పులు సున్నా అని రిపోర్టు వచ్చాక గర్వంగా మేడం దగ్గరికి తీసుకెళ్తే, పది నిమిషాల్లో ఏడు చెప్పారు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అరగంట ఆవిడ పక్కన కూర్చుని వింటున్నాను. ఆ అరగంట ఆవిడ పనిలో భాగంగానే లెక్కలోకి రావాలని మేనేజర్‌తో మాట్లాడి రాయించాను. అదనపు చాకిరీగా ఆవిడ చేత ఊరికే చేయించుకోవడం నాకు సబబుగా అనిపించలేదు.

ఆరు వారాలు అయ్యాక ఆవిడ ఒక సెలవు పెట్టారు. నేను పక్కనే ఉన్నాను, వేగం ఈసారి తగ్గించలేదు. గబగబా ట్యాబ్‌లు, నాకు అర్థం కాని మాటల ధార, చివర ఎంటర్. ఆగి విన్నారు. "అందింది" అన్నారు, ఇయర్‌ఫోన్స్ మళ్లీ పెట్టుకుని తన పని చేసుకోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నెలవారీ ఖర్చుల పేజీ మీద ఉన్నాను. అక్కడ రంగురంగుల గీతలతో ఒక గ్రాఫ్ ఉంది. దానికి పెద్ద వివరణ రాద్దామనుకుంటే, "గ్రాఫ్ మీ దగ్గరే ఉంచుకోండి, నాకు అంకెల పట్టిక ఇవ్వండి" అన్నారు మేడం. ఇచ్చాను. మొన్న శుక్రవారం విని, ఏ ఖర్చో వినపడుతోంది గాని ఏ నెలో వినపడట్లేదన్నారు. చూస్తే నిలువు వరసలకి శీర్షికలు కట్టాను, అడ్డువరసలకి మర్చిపోయాను. రేపటికల్లా అవి కట్టాలి.